దారి చెప్పే పని మొదలుపెట్టిన ఫ్రాంక్ పార్సన్స్

ఈసారి నేను ఫ్రాంక్ పార్సన్స్ గారి జీవితం రాస్తున్నాను. చదువు అయ్యాక ఏ పనిలోకి పోవాలో తెలియని వాళ్లకు దారి చెప్పడం కూడా ఒక ఉద్యోగమే. దాన్ని కెరీర్ సలహాదారు అంటారు. ఆ పనికి ఈయన్నే మూలపురుషుడు అంటారు.

ఈయన 1854లో అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టాడు. కార్నెల్ విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్ చదివి రైల్వే కంపెనీలో చేరితే ఆ కంపెనీ దివాలా తీసింది. అంత చదివినాయన ఇనుము మిల్లులో కూలికి పోయాడు. తర్వాత బడిపంతులు అయ్యాడు. తర్వాత లా పరీక్ష పాసయ్యాడు. చదివి చదివి ఒళ్లు పాడుచేసుకుంటే న్యూమెక్సికో పోయి ఆరుబయట ఉండి బాగయ్యాడు. లా కాలేజీలో పాఠాలు చెప్పాడు. 1895లో బోస్టన్ మేయరుగా నిలబడి ఓడిపోయాడు. ఇన్ని పనులు మారాడు కాబట్టే పిల్లల కష్టం తెలిసిందని నాకనిపిస్తుంది.

బోస్టన్‌లో నార్త్ ఎండ్ అనే పేటలో ఇటలీ నుంచి, రష్యా నుంచి వలస వచ్చిన బీదవాళ్లు ఉండేవాళ్లు. పెద్దవాళ్లు చాలామందికి ఇంగ్లీషు రాదు. పిల్లలు ఏ పని దొరికితే అందులో పడిపోయేవాళ్లు. అక్కడ సివిక్ సర్వీస్ హౌస్‌లో 1908 జనవరిలో పార్సన్స్ గారు వొకేషన్ బ్యూరో తెరిచారు.

వచ్చినవాళ్లకు వెంటనే ఈ పని చెయ్యి అని చెప్పడు. ముందు బోలెడు ప్రశ్నలు ఇచ్చి రాసుకు రమ్మంటాడు. ఒంట్లో ఎలా ఉంటుంది, ఏం చదువుతావు, డబ్బు ఎట్లా ఖర్చు పెడతావు, దేంట్లో గట్టి, దేంట్లో వీకు, అన్నీ. తర్వాత పనుల గురించి చెప్తాడు. దేనికి ఎంత చదువు కావాలి, జీతమెంత, ఆ పనిలో కష్టమేంటి అని. రెండూ కలిపి ఆలోచించాలి. చివరికి తేల్చుకునేది మాత్రం వచ్చినవాళ్లే. ఒకటి నాకు నచ్చలేదు. ఆయన తల ఆకారం కూడా చూసేవాడంట. దాన్నిబట్టి తెలివి తెలీదని ఇప్పుడు సైన్సు చెప్తుంది.

అదే ఏడాది సెప్టెంబరులో చనిపోయాడు. బ్యూరో పెట్టి తొమ్మిది నెలలు కూడా కాలేదు. ఆయన పుస్తకం 1909లో అచ్చయింది, ఆయన చూసుకోలేదు.

ఇది ఎందుకు రాశానంటే మా అక్క కోసం. అక్క పది పాసై, ఫ్రెండు తీసుకున్న గ్రూపే తీసుకుంది. అర్థంకాక మధ్యలో మానేసి ఇప్పుడు మిరపకోతలకు పోతుంది. కానీ తునికాకు కట్టల లెక్క మా ఊరందరికీ అక్కే వేసేది, ఒక్కటీ తప్పు పోదు. ఆ సంగతి అప్పుడు ఎవరూ అడగలేదు. మా అమ్మానాన్నకు అడగాలని తెలీదు. నేనూ చిన్నదాన్ని.

ఇప్పుడు నా నోటుబుక్కులో పదిహేను ప్రశ్నలు రాసుకున్నాను. పండగ సెలవులకు వెళ్లి ముందు అక్కను అడుగుతాను. అక్కకు ఇంకా పంతొమ్మిదే.