వేతనం కోరని పక్షిశాస్త్రజ్ఞుడు

సాలిం ఆలీ 1896 నవంబరు 12న బొంబాయిలో జన్మించినారు. పసితనముననే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగినారు. బాల్యంలో తన గాలితుపాకి దెబ్బకు కూలిన పిచ్చుక గొంతుపై పసుపుమచ్చ చూచి, దాని పేరు తెలిసికొనుటకై బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్లినారు. ఆ జిజ్ఞాసయే ఆయనకు జీవితమార్గమైనది.

జర్మనీలో పక్షిశాస్త్రం అభ్యసించి 1930లో తిరిగి వచ్చేసరికి, మ్యూజియంలో ఆయన చేసిన ఉద్యోగం రద్దయినది. విశ్వవిద్యాలయ పట్టము లేదు. వేరొక కొలువు దొరకలేదు. అప్పుడాయన స్వదేశ సంస్థానాల పక్షులను పరిశీలించి నివేదిక ఇచ్చుటకు ముందుకు వచ్చినారు. ప్రయాణానికి, మకాములకు అయ్యే ఖర్చు తప్ప జీతం కోరలేదు. హైదరాబాదు సంస్థానం అంగీకరించగా 1931లో పని ఆరంభమైనది. నల్లమలలోని మన్ననూరు, ఫరహాబాదు అడవులలో గుడారాలు వెలసినవి. భార్య తెహ్మినా ఆ వనవాసంలో తోడుగా నిలిచినారు.

పక్షిని చంపి కొలిచినంతనే శాస్త్రం పూర్తి కాదని ఆయన గ్రహించినారు. ఏ చెట్టున గూడు కట్టును, ఏ పండు తినును, ఏ పూల పుప్పొడిని మోయును అని ఓపికతో గమనించినారు. పక్షి బ్రతుకు అడవితో పెనవేసికొన్నది గనుక, అడవి రక్షణయే పక్షి రక్షణ. 1939లో తెహ్మినా మరణించినా ఆ దీక్ష సడలలేదు. కేరళలోని సైలెంట్ వ్యాలీని ఆనకట్ట ముంపునుండి కాపాడవలెనని వృద్ధాప్యంలోనూ వాదించినారు. 1984లో అది జాతీయోద్యానమైనది.

నశించినదని తలచిన కలివికోడిని 1986లో ఆయన సంఘపు పరిశోధకులు, గ్రామస్థుల సాయంతో, కడప జిల్లా చిట్టడవులలో మరల కనుగొన్నారు. మరుసటి యేడు జూన్ 20న ఆయన కన్నుమూసినారు. పట్టము లేని ఆ పరిశోధకుని గ్రంథాలు నేటికీ పట్టభద్రులకు ఆధారములు.