గాలిని చక్రమునకు చుట్టిన పశువైద్యుడు

నిత్యము మన కనులయెదుట తిరుగు వస్తువుల వెనుక ఎవరి పరిశ్రమ దాగియున్నదో మనము సాధారణముగా తలచుకొనము. హైదరాబాదు నగరమునకు పడమట, కొండరాళ్ళతో నిండిన మాదాపూర్ ప్రాంతమున, 1998లో సైబర్ టవర్స్ అను భవనము వెలసినది. అటుపిమ్మట హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములందు విశాలమైన మార్గములును, పైవంతెనలును ఏర్పడినవి. ఉదయ సాయంకాలములందు అచట కార్లు బారులు తీరును. అవి నేలమీద నిలిచినట్లు కనబడును గాని, నిజమునకు గాలిమీద నిలిచియున్నవి. ఉక్కు బరువును గాలిచేత మోయించు ఈ ఉపాయమును లోకమునకు అలవాటు చేసినవాడు యంత్రశిల్పి కాడు. పశువులకు వైద్యము చేయుచు జీవించిన ఒక గృహస్థుడు. ఆయనయే జాన్ బాయ్డ్ డన్లప్.

డన్లప్ 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశమందలి డ్రెగ్‌హార్న్ గ్రామమున ఒక కర్షక కుటుంబములో జన్మించెను. ఎడింబరోలో పశువైద్యము అభ్యసించి, పందొమ్మిదేండ్ల ప్రాయముననే పట్టము పొందెను. ఆ నగరమున కొన్నియేండ్లు వృత్తి సాగించి, 1867లో ఐర్లండునకు తరలిపోయెను. కొంతకాలమునకు బెల్‌ఫాస్టు నగరమున స్థిరపడెను. ఆ దినములలో బండ్లన్నింటికి గుర్రములే ఆధారము. కనుక మంచి పశువైద్యునికి పనికి లోటు లేదు. డన్లప్ వైద్యశాల ఐర్లండులోని పెద్ద వైద్యశాలలలో ఒకటిగా పేరొందెను. నలుబదియేడేండ్ల వయసు వచ్చువరకు ఆయన జీవితమున చరిత్రకెక్కదగిన విశేష మేదియు కనబడదు.

ఆ విశేషము 1887లో జరిగెను. ఆయన కుమారుడు బాలుడు. మూడుచక్రముల సైకిలు త్రొక్కుచుండెడివాడు. చక్రములకు గట్టి రబ్బరు పట్టీలు. వీథులలో పరచినవి రాళ్ళు. బండి కదలినంతసేపు బాలునికి కుదుపులే. తండ్రి ఆ కష్టమును చూచి ఆలోచించెను. పలుచని రబ్బరు రేకును అతికించి గొట్టముగా చేసెను. దానిని ఒక కొయ్యచక్రమునకు చుట్టి, పైన నారగుడ్డ కప్పి మేకులతో బిగించి, బంతికి గాలి కొట్టు పంపుతో గాలి నింపెను. తరువాత పాత చక్రమును, క్రొత్త చక్రమును ఒకదాని వెనుక ఒకటిగా తన పెరటిలో దొర్లించెను. గట్టి రబ్బరు చక్రము కొంతదూరము పోయి పడిపోయెను. గాలిచక్రము పెరడంతయు దాటి గుమ్మపు స్తంభమునకు తగిలి వెనుకకు ఎగిరెను. కుదుపు తగ్గుటయే గాక, బండి లాగు శ్రమ కూడ తగ్గునని డన్లప్‌నకు ఆనాడు తెలిసెను.

ఇందలి సూక్ష్మము సులభమైనదే. గట్టి చక్రము చిన్నరాతిని ఎక్కవలసివచ్చినప్పుడు బండి బరువంతయు పైకి లేవవలెను. ఆ శక్తి వృథాయగును. గాలిచక్రమైనచో తానే లోనికి ఒదిగి రాతిని మ్రింగి, మరల ఉబ్బును, బండి లేవదు.

1888లో డన్లప్‌నకు పేటెంటు లభించెను. మరుసటి సంవత్సరము మే 18వ తేదీన బెల్‌ఫాస్టులో జరిగిన పందెములలో విల్లీ హ్యూమ్ అను సైకిలు వీరుడు గాలిచక్రములు బిగించుకొని దిగెను. ఆ లావుపాటి చక్రములను చూచి జనులు నవ్విరి. పందెములు ముగిసినపిమ్మట నవ్వుటకు ఎవరును మిగులలేదు. ఓడినవారిలో కొందరి తండ్రియైన హార్వీ డ్యూ క్రో అను వర్తకుడు ఆ చక్రముల విలువ గ్రహించి, 1889లో డబ్లిన్ నగరమున వాటి తయారీకై ఒక సంస్థ నెలకొల్పెను.

ఇంతలో పిడుగువంటి వార్త వచ్చెను. గాలిచక్రమునకు 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అను మరియొక స్కాట్లండువాడు పేటెంటు పొందియుండెనట! అప్పటికి ఆయన వయసు ఇరువదిమూడేండ్లు. ఆయన తన చక్రములను గుర్రపుబండ్లకు తొడిగి లండను నగరమున నడిపి చూపెను. కాని, అప్పటికి సైకిళ్ళు వాడుకకు రాలేదు, మోటారుకార్లు లేవు. అవసరము పుట్టకముందే పుట్టిన ఉపాయము మూలబడెను. థామ్సన్ 1873లో కాలధర్మము చెందెను. డన్లప్ ఆయన పనిని ఎరుగడు. స్వయముగానే ఈ మార్గమును కనుగొనెను. అయినను చట్టము దృష్టిలో మొదటివాడు మొదటివాడే. డన్లప్ పేటెంటు నిలువలేదు.

సంస్థ మాత్రము నిలిచెను. చక్రమునుండి టైరును సులభముగా ఊడదీయు పద్ధతులను వెల్చ్, బార్ట్‌లెట్ అనువారు కనిపెట్టగా, ఆ హక్కులను సంస్థ కొనెను. 1896లో ఆ సంస్థ ముప్పదిలక్షల పౌనులకు అమ్ముడుపోయెను. అప్పటికే డన్లప్ దానినుండి తప్పుకొనియుండెను. లోకమంతట తన పేరు మ్రోగుచున్నను, ఆ సంపదలో ఆయనకు దక్కినది స్వల్పము. 1921 అక్టోబరు 23వ తేదీన ఆయన డబ్లిన్‌లో కన్నుమూసెను.

సైకిలుకై పుట్టిన టైరు 1895లో ఫ్రాన్సులోని మిషెలిన్ సోదరుల పూనికతో పందెపు కారుకెక్కెను. హైదరాబాదు సంస్థానమున 1932లో రైల్వేవారు 27 బస్సులతో ప్రజారవాణా ప్రారంభించునాటికి గాలిటైరు లోకసామాన్యమైయుండెను. నేడు సైబరాబాదు మార్గములలో తిరుగు ప్రతి కారును డన్లప్ పెరటి ప్రయోగమునకు ఋణపడియున్నది. అయితే ఆ ప్రయోగసారమును మనము గుర్తుంచుకొనుచున్నామా? బరువును మోయునది రబ్బరు కాదు, అందలి గాలి.

లెక్క చూడుడు. పండ్రెండువందల కిలోల కారులో ఒక్కొక్క చక్రముపై సుమారు 300 కిలోల బరువు పడును. గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు 32 పౌనులైనచో, నేలను తాకు భాగము ఇంచుమించు 133 చదరపు సెంటీమీటర్లు. అనగా ఒక అరచేయి ప్రమాణము. కారు మలుపు తిరుగుటయు, ఆగుటయు ఈ నాలుగు అరచేతులపైననే ఆధారపడియున్నవి. గాలి తగ్గినచో టైరు అంచులు అరుగును, ప్రక్కలు అతిగా వంగి వేడెక్కును, స్టీరింగు మందగించును. గాలి మించినచో నడిమిభాగమే నేలకు ఆని పట్టు తగ్గును. తగిన ఒత్తిడి ఎంతయో కారు తలుపు ప్రక్కనున్న చీటీపై సాధారణముగా వ్రాసియుండును. ఉదయమున, బండి నడుపకముందు, టైరు చల్లగానున్నప్పుడే కొలువవలెను. ఏలయన, ఐదారు డిగ్రీల వేడి పెరిగినచో సుమారు ఒక పౌను ఒత్తిడి పెరుగును.

టైరునకు తోడు స్ప్రింగులు. కారు ఎత్తు తగ్గినచో మలుపులో బరువు వెలుపలి చక్రములపైకి ఒరుగుట తగ్గును. అందువలన కొందరు యువకులు స్ప్రింగులను కోయించి కారును నేలకు దించుచున్నారు. కాని, స్ప్రింగు కదలుటకు చోటు చాలక గతుకులలో చక్రము నేలను విడుచును. వేగనిరోధకములపై అడుగుభాగము రాచుకొనును. తయారీదారు నిర్ణయించిన లక్షణములను ఇచ్చవచ్చినట్లు మార్చుటను 1988నాటి మోటారు వాహనముల చట్టము అంగీకరింపదు. అన్నిటికిమించి, అతివేగమునకు ఏ సవరణయు మందు కాదు. గచ్చిబౌలి చేరువ బయోడైవర్సిటీ కూడలివద్ద 2019 నవంబరులో తెరచిన పైవంతెన మలుపునుండి ఆ నెలలోనే అతివేగముగా వచ్చిన కారొకటి క్రింద పడగా, నేలపైనున్న ఒక స్త్రీ ప్రాణము కోల్పోయెను.

ఉపాధ్యాయులు డన్లప్ ప్రయోగమును పాఠశాల ఆవరణముననే చేయించవచ్చును. సైకిలు చక్రమును గాలి తీసి ఒకమారు, నింపి ఒకమారు దొర్లించి, పోయిన దూరమును విద్యార్థులచేత కొలిపింపవలెను. మరుగుపడిన థామ్సన్ పేరును కూడ అపుడు వారికి చెప్పవలెను. డన్లప్ కోరినది కీర్తి కాదు, ధనము కాదు. తన బిడ్డకు కుదుపు తగులకుండుట. ఆ వాత్సల్యము లోకమునకెల్ల ఉపకారమయ్యెను. మన వాహనములో కూర్చున్న బిడ్డలపై మనకును అట్టి వాత్సల్యమే ఉన్నచో, వారమున కొకమారు టైరు గాలి చూచుకొనుట మనకు భారము కాబోదు.