మహమ్మారి దినములలో భాగ్యరెడ్డివర్మగారు

శ్రీ కేతకీ సంగమేశ్వరస్వామివారి క్షేత్రమహిమలో ఒక గాథ కలదు. సూర్యవంశపు రాజు కుపేంద్రుడు మానని చర్మరోగముతో కృశించుచు ఈ వనమునకు వచ్చి, మొగలిపొదల నడుమ పారుచున్న జలములో దేహము కడుగుకొనగా రోగము నివారణ అయ్యెనట. రాజునకు నీరు దొరికినది, రోగము వదలినది. అయితే ఇదే దేశములో ఊరిబావిలో చేద వేయుటకు అధికారము లేని కుటుంబములు అనేక తరములు ఊరి వెలుపల నివసించినవి. ఎవరైన దయదలచి కుండలో పోసినచో త్రాగవలెను, లేనిచో వాగు చెలమయే గతి. ఆ వాడలలోనికి గత్తర వచ్చినను, పోచమ్మ పోసినను, అది క్షేత్రమహిమలకు ఎక్కలేదు. ఆ ఇండ్ల రోగుల వద్దకు నడచి వెళ్లినవారిలో హైదరాబాదు వాస్తవ్యులు కీర్తిశేషులు మాదరి భాగ్యరెడ్డివర్మగారు అగ్రగణ్యులు.

చరకసంహిత విమానస్థానములో జనపదోద్ధ్వంసమను అధ్యాయమున్నది. మనుష్యుల ప్రకృతులు, ఆహారములు, బలములు, వయస్సులు వేరువేరుగా ఉండగా ఒకే కాలమున ఒకే వ్యాధిచే దేశము దేశమే నశించుట ఎట్లు సంభవమని శిష్యుడైన అగ్నివేశుడు సందేహపడును. వాయువు, ఉదకము, దేశము, కాలము అను నాలుగును అందరికిని సామాన్యములు గనుక, అవి చెడినపుడు అందరును చెడుదురని ఆత్రేయమహర్షి సమాధానము. ఎంతో సూక్ష్మమైన ఆలోచన. కాని ఋషి ఊహింపని విషయమొకటి ఉన్నది. వాయువును కాలమును ఎవ్వరును పంచుకొనలేరు గాని, ఉదకమును దేశమును మనుష్యులు పంచుకొనిరి. బావి ఒకరిది, చెలమ ఒకరిది అయినది. మెరక ఒకరిది, పల్లము ఒకరిది అయినది. ఆ పంపకమును అనుసరించియే చావులును పంచబడినవి. వర్మగారి జీవితమునకు ఈ పంపకముతోడి పోరాటమే సారము.

వారు 1888 మే 22వ తేదీన హైదరాబాదు నగరమున వెంకయ్య, రంగమాంబ అను మాల దంపతులకు జన్మించిరి. తొలి నామము భాగయ్య. ఆర్యులు రాక పూర్వము ఈ దేశమును ఏలినవారు తమ పూర్వులేయని కులగురువు బోధించి రెడ్డి శబ్దమును చేర్చెను. పెద్ద సంసారము, చిన్న రాబడి. బాల్యముననే డోస్ శాంటోస్ అను గోవా క్రైస్తవ న్యాయవాది గృహమున పనికి కుదిరిరి. చదువు అక్కడనే అబ్బినది. బడిలో కూర్చుండ యోగ్యత లేదన్న బాలునికి వంటయింటి పక్కన అక్షరములు దొరికినవి.

1906లో జగన్మిత్రమండలిని స్థాపించిరి. హరికథలు, భజనలు, ఉపన్యాసములు దాని సాధనములు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరములో వేలాది జనులను కబళించినది. వరద తీసిన తరువాత నగరమునకు మిగిలినది బురద, కూలిన ఇండ్లు, ఇరుకు వాడలు. 1911లో ప్లేగు వచ్చినది. ప్లేగునకు మూలము ఎలుక, దాని మీది పురుగు. గాలి వెలుతురు లేని పొట్టి ఇండ్లు, మట్టి గోడల బొరియలు, ధాన్యపు గాదెల పక్కన పడకలు ఉన్నచోటనే అది మొదట అడుగు పెట్టును. స్థితిపరులు ఊరు వదలి తోటలకు పోగలిగిరి. కూలివాడు కూలి వదలి ఎక్కడికి పోవును? ఈ ఉపద్రవముల పిమ్మట 1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడి ఇరుకు వాడలను తొలగింప మొదలిడినది. రోగము మనుష్యుని పాపములో గాక వాడ నిర్మాణములోనే దాగియున్నదని ప్రభుత్వము ఒప్పుకొన్నట్లయినది.

ఆ దినములలో పల్లెలలోను పట్టణములలోను అంటరానివారికి ఒక విచిత్రమైన గౌరవము దక్కెడిది. బ్రదికియున్న రోగిని తాకరాదు, చచ్చిన పశువును మాత్రము మోయవలెను. చావు కబురు పొరుగూళ్లకు చేరవేయుట వెట్టివాని పని. వీధుల మలినము ఎత్తుట వారి పని. అనగా జాడ్యము తిరుగు త్రోవలన్నింటను ముందు నడచువారు వారే, మందు చేరు త్రోవలో చివర నిలుచువారును వారే.

1911లో మన్యసంఘము వెలసినది. న్యాయమూర్తి రాయ్ బాలముకుంద్‌గారి వంటి సవర్ణ పెద్దలు తోడ్పడిరి. కల్లు సారాయములు మానవలెను, చచ్చిన పశువు మాంసము తినరాదు, పసిపిల్లలకు పెండ్లిండ్లు చేయరాదు, ఆడపిల్లను జోగినిగా విడువరాదు అనునవి సంఘ నియమములు. వీనిని కేవలము ఆచారశుద్ధిగా తలచువారు కలరు. ఆ తలపు సగమే నిజము. రోగముతో చచ్చిన పశువును తినుట వలన వచ్చు ప్రమాదము, జోగినియైన పిల్లకు దాపురించు సుఖవ్యాధులు, త్రాగుడుచే క్షీణించిన దేహము జ్వరమునకు లొంగుట, ఇవన్నియు ఆరోగ్య విషయములే. అయితే పస్తు ఉన్నవాడు చచ్చిన పశువును తినునది రుచికొరకు కాదు. వర్మగారు అది ఎరిగినవారు గనుకనే నియమములతో ఆగక బడులను కూడ తెరచిరి. 1913లో ఆర్యసమాజమువారు వారి సేవలకు మెచ్చి వర్మ బిరుదము నొసగిరి.

1917 నవంబరు 4 మొదలు 6 వరకు విజయవాడలో జరిగిన ప్రథమాంధ్ర పంచమ మహాసభకు వర్మగారు అధ్యక్షత వహించిరి. పంచమ శబ్దమును త్యజించి ఆది ఆంధ్రులను నామము స్వీకరింపబడినది అచ్చటనే. సభికులు గుడిలోనికి వత్తురను శంకతో కనకదుర్గమ్మవారి ఆలయము ఆ మూడు దినములు మూసివేయబడినదని ప్రసిద్ధి. ఇది జరిగిన యేడాదికి, ఏ తలుపును లెక్కచేయని అతిథి ఒకటి దేశములో ప్రవేశించినది.

అది ఇన్‌ఫ్లుయెంజా. మొదటి ప్రపంచయుద్ధపు చివరి దినములు. 1918లో వానలు లేవు, గింజల ధర ఆకాశమున నిలిచినది. జ్వరము మొదట బొంబాయి రేవులో కనబడి, రైలు మార్గముల వెంట లోపలి దేశమునకు ప్రాకినది. శరదృతువులో వచ్చిన రెండవ పోటు ఘోరము. భారతదేశమంతట కోటికి మించిన జనులు నశించిరి. నిజాము రాజ్యములో, అప్పుడు ఝరాసంగమును అందులోనిదే, 1911 జనాభా సుమారు 133 లక్షలు కాగా 1921 నాటికి 124 లక్షలకు దిగినది. పదేండ్లలో పెరుగవలసిన జనము దాదాపు 9 లక్షలు తగ్గినది. జ్వరము, ప్లేగు, కరువు మూడును కలసి చేసిన పని ఇది.

ఇక్కడ బొంబాయి నగరపు లెక్కను చూడవలెను. ఆ నగరములో 1918 జ్వరమరణములను జాతులవారీగా వ్రాసి ఉంచిరి. వేయిమందికి యూరోపియనులలో 8.3, పారసీలలో 9, సవర్ణ హిందువులలో 18.9, ముస్లిములలో 19.2 మంది చనిపోయిరి. నిమ్నకులములని వ్రాయబడిన హిందువులలో ఆ సంఖ్య 61.6. పుస్తకములో ఇది ఒక చిన్న గడి. వేయిమంది గల ఒక పల్లెకు అన్వయించినచో దాని బరువు తెలియును. ఒక పల్లెలో 8 పాడెలు లేచిన కాలమున, మరియొక పల్లెలో 61 పాడెలు. గాలి ఒక్కటే, కాలము ఒక్కటే, జ్వరము ఒక్కటే.

రక్తములో భేదమున్నదని ఎవరైన అనవచ్చును. సవర్ణులును నిమ్నకులములవారును ఒకే నేలపై తరతరములుగా పుట్టిన మనుష్యులు. భేదము ఇంటిలో ఉన్నది, కడుపులో ఉన్నది. ఒక్క గదిలో ఎనమండుగురు పడుకొన్నచోట ఒకని దగ్గు అందరి దగ్గు. సంకటి లేని దేహములో జ్వరము ఊపిరితిత్తులకు దిగును. ఇంకొక విషయము. ఆ కాలమున ఆ జ్వరమునకు ఏ వైద్యుని వద్దను మందు లేదు. ఊపిరితిత్తుల వాపునకు పనిచేయు ఔషధములు ఆ తరువాతి దశాబ్దములలో వచ్చినవి. అందుచేత 1918లో ప్రాణము నిలుపగలిగినవి నీళ్లు, గంజి, కంబళి, పక్కన కూర్చుండు మనిషి. ఇల్లంతయు మంచమెక్కినపుడు నీళ్లు తెచ్చువాడు లేక, తెచ్చుటకు బావి లేక చనిపోయినవారెందరో.

వర్మగారు చేపట్టిన సేవ సరిగా ఇక్కడిది. ప్లేగు దినములలోను, ఇన్‌ఫ్లుయెంజా దినములలోను వారు తమ సంఘపు యువకులను స్వచ్ఛంద సేవకులుగా కూర్చిరి. రోగుల పరిచర్య, దిక్కులేని శవములకు అంత్యక్రియలు ఈ దళము చేసినది. బంధువులే తాకుటకు జంకు కాలమున, తాకరానివారని పిలువబడినవారు తాకిరి. ఇందులో ఒక హాస్యమున్నది, కాని నవ్వు వచ్చునది కాదు. సేవకులును ఆ రోగులవలెనే శ్వాసించువారు గదా, వారి ప్రాణములకు వేరు రక్ష లేదు.

జ్వరము తగ్గిన తరువాత వర్మగారి పని మరింత విస్తరించినది. 1921లో మన్యసంఘము ఆది హిందూ సాంఘిక సేవా సంఘమైనది. 1910లో ఇసామియా బజారు, లింగంపల్లిలలో మొదలైన బడులు 1933 నాటికి 26, వానిలో విద్యార్థులు సుమారు 2,500. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యములో ఈ పిల్లలు తెలుగు చదివిరి. చదువు వచ్చినవాడు మందుసీసా మీది అక్షరము చదువుకొనును, టీకా వేయువానిని చూచి పారిపోడు, తన వాడకు నళ్లా కావలెనని అర్జీ వ్రాయును. తరువాత ప్రభుత్వము ఈ బడులను తన చేతిలోనికి తీసికొన్నది. వర్మగారు తమ జీవితకాలమున 3,348 ఉపన్యాసములిచ్చిరని లెక్క. ఇంత నిక్కచ్చిగా లెక్క ఉంచుకొన్న సంస్కర్తలు అరుదు.

1931లో భాగ్యనగర్ పత్రికను ఆరంభించిరి. ఆ సంవత్సరపు జనాభా లెక్కలలో నిజాము రాజ్యమందు ఆది హిందువులను పేరు చేరినది. దానికొరకు వర్మగారు ఎంతో పట్టుపట్టిరి. పేరు మార్చినంత మాత్రమున కడుపు నిండునా అని ఆనాడు పరిహసించినవారు లేకపోలేదు. బొంబాయివారు జాతులవారీగా వ్రాసియుండనిచో ఆ 61.6 అను అంకె ఏ నగర సగటులోనో కరగిపోయి ఉండెడిది. పట్టికలో ఒక వరుస లేనివానికి వాని చావు కూడ వానిది కాదు.

1939 ఫిబ్రవరి 18న, 51వ యేట, వర్మగారు హైదరాబాదులో దివంగతులైరి. ఊరిబావి, చెరువు, కుళాయి ఎవ్వరికిని నిషేధింపరాదను అస్పృశ్యతా నేరముల చట్టము వచ్చినది 1955లో, వారు కన్నుమూసిన 16 యేండ్లకు.