గుప్తోష్ణ నిర్ణేత జోసెఫ్ బ్లాక్

తాను కనుగొన్న మహావిషయాన్ని గ్రంథంగా ప్రకటింపక, తరగతిలో విద్యార్థులకు బోధించి ఊరకున్న ఆచార్యుడు జోసెఫ్ బ్లాక్. 1728లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో ఒక ద్రాక్షాసవ వర్తకుని ఇంట జన్మించి, గ్లాస్గోలో విలియం కల్లెన్ వద్ద రసాయనశాస్త్రం అభ్యసించాడు. 1756లో అక్కడనే ఆచార్యుడైనాడు.

మంచు కరిగే స్థితికి చేరిన పిమ్మట స్వల్పమైన వేడి సోకినా సమస్తమూ నీరైపోతుందని ఆనాటి పండితుల విశ్వాసం. బ్లాక్‌కు ఇది పొసగలేదు. అదే నిజమైతే వసంతారంభంలో కొండలమీది మంచు ఒక్కసారిగా కరిగి ఊళ్లను ముంచివేయవలెను గదా!

1761 ప్రాంతంలో ఆయన రెండు పలుచని గాజుబుడ్లలో సమానమైన తూకంగల నీటిని పోసి, ఒకదానిని గడ్డకట్టించాడు. రెండవదానిని 33 ఫారన్‌హీట్ డిగ్రీలకు చల్లార్చాడు. 47 డిగ్రీలున్న విశాలమైన గదిలో రెంటినీ వేలాడదీశాడు. నీరు అరగంటలో 40 డిగ్రీలకు చేరింది. మంచు కరిగి అదే 40కి చేరడానికి పదిన్నర గంటలు పట్టింది! అరగంటకు 7 డిగ్రీల లెక్కన 21 అరగంటలలో 147 డిగ్రీల వేడి లోపలికి పోయింది. ఉష్ణమాపకం చూపినది మాత్రం ఎనిమిదే. తక్కిన 139 డిగ్రీలు మంచును నీరుగా మార్చి, ఆ నీటిలోనే దాగినవి. దీనికే గుప్తోష్ణమని పేరు. నేటి లెక్క 144. ఒక ఉష్ణమాపకంతో, ఒక గడియారంతో ఇంత చేరువకు రాగలగడం మన ప్రయోగశాలా విద్యార్థులు గమనింపదగినది.

ఆవిరిలోని గుప్తోష్ణాన్ని సైతం 1764లో శిష్యుడు విలియం ఇర్విన్ తోడ్పాటుతో కొలిచాడు. ఆ విశ్వవిద్యాలయంలో పరికరాలు చేసే జేమ్స్ వాట్, కొద్దిపాటి ఆవిరి అంతటి నీటిని ఎట్లా మరిగిస్తున్నదని విస్మయపడగా, కారణం వివరించినవాడు బ్లాకే. వాట్ యంత్రం ఈ సిద్ధాంతం నుండియే పుట్టినదని కొందరు వ్రాశారు; వాట్ దానిని అంగీకరింపలేదు. అయితే ఆయన ప్రయోగాలకు బ్లాక్ ధనసహాయం చేసిన మాట నిజం.

దాగిన వేడి నశించదు. నీరు తిరిగి గడ్డకట్టేటపుడు అంతా వెలికి వస్తుంది. దాదాపు రెండు శతాబ్దాల తరువాత, 1948లో, హంగేరీలో పుట్టిన శాస్త్రవేత్త్రి మరియా టెల్కెస్ అమెరికాలోని డోవర్‌లో ఈ ధర్మంతోనే ఒక ఇంటిని వెచ్చజేసింది. పగటి ఎండకు గ్లాబర్ లవణం కరిగేది. రాత్రి గడ్డకడుతూ వేడిని విడిచేది. లవణం పొరలుగా విడిపోవడంతో కొన్ని శీతకాలాలకే ఆ ఏర్పాటు విఫలమైనా, మైనములతోను, ఇతర లవణాలతోను ఉష్ణాన్ని నిలువచేసే పని నేటికీ సాగుతున్నది.

బ్లాక్ 1766లో ఎడిన్‌బరోకు వెళ్లి, దాదాపు మూడు దశాబ్దాలు బోధించి, 1799 డిసెంబరు 6న మరణించాడు. ఆయన బోధ అంతవరకు విద్యార్థుల వ్రాతప్రతులలోనే చేతులు మారుతూ వచ్చింది. 1803లో పూర్వ శిష్యుడు జాన్ రాబిసన్ ఆ ఉపన్యాసాలను సేకరించి అచ్చువేయించాడు.