అమరావతి పట్టణ నిర్మాత వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు

తుళ్లూరుకు పడమట కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి పేరు మన సంఘస్థులలో వినని వారుండరు. అయితే దానిని అంగళ్లు గల పట్టణంగా నిలబెట్టినది ఒక జమీందారు. ఆయన చరిత్ర మన ప్రాంతపువారు తెలిసికొనదగినది.

వేంకటాద్రి నాయుడుగారు 1783లో చింతపల్లి జమీందారీకి వచ్చారు. 1788లో గుంటూరు సర్కారు నిజాము చేతినుండి ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1796 ప్రాంతంలో ఆయన చింతపల్లి విడిచి, అమరేశ్వరాలయం ఉన్నచోట క్రొత్త పట్టణం కట్టించారు. ఊరికి గుడి ఎంత అవసరమో అంగడీ అంతే అవసరమని ఎరిగి, వర్తకులను రప్పించి అక్కడ కాపురముంచారు.

కట్టడాలకు రాయి కావలసివచ్చింది. ఊరి ప్రక్కనున్న దీపాలదిన్నెను త్రవ్వగా చెక్కడపు పలకలు బయటపడ్డాయి. అది క్రీస్తుకు పూర్వమే ఆరంభమైన బౌద్ధ మహాస్తూపమని త్రవ్వినవారికి తెలియదు. కొన్ని పలకలు గుడికి, శివగంగ చెరువుకు పోయాయి. ఆ వార్త విని కాలిన్ మెకంజీ దొర వచ్చి చూచారు. 1816లో మళ్లీ వచ్చి, శిల్పాలకు బొమ్మలు గీయించే పని మొదలుపెట్టించారు. తరువాత దొరికిన శిల్పాలలో అనేకం మద్రాసు, లండను మ్యూజియములకు చేరాయి.

నాయుడుగారు దాతగా పేరుపొందారు. మంగళగిరిలో పదకొండు అంతస్తుల గాలిగోపురం 1807-09లో ఆయన కట్టించినదే. కాని జనం చెప్పుకొనే మరొక కథ ఉంది. దోపిడీలు మాన్పించుటకై ఆయన చెంచులను విందుకు పిలిచి నరికించారనీ, ఆ చోటే నరుకుళ్లపాడైనదనీ, ఆ పాపభారంతోనే గుళ్లకు ధనం ధారపోశారనీ అంటారు. చెంచుల పేర్లు మాత్రం ఎవరూ వ్రాసి ఉంచలేదు.

ఆయన 1816లో గతించారు. ఇద్దరు దత్తపుత్రుల వారసత్వ తగాదా లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయింది. మొదటి దత్తుడు ఉండగా రెండవ దత్తత చెల్లదని అక్కడ తీర్పయింది. వ్యాజ్యాలలో సంస్థానం చితికిపోయింది; ఆయన నాటిన ఊరు మాత్రం నిలిచింది.

ఆ ఊరి పేరుతోనే మన తుళ్లూరు మండలంలోని ఉద్దండరాయునిపాలెంలో 2015లో రాజధానికి శంకుస్థాపన జరిగింది. క్రొత్త ఊరు కట్టేవారు పునాది త్రవ్వకముందే ఆ మట్టిలో ఏమున్నదో, ఆ నేలపై ఎవరు బ్రతుకుతున్నారో విచారించవలెనని నాయుడుగారి చరిత్ర మనకు నేర్పుతున్నది.