గోడమీది గులాబి: డీన్ హోల్ జీవితం

నాలుగు గజాల పెరడు మాత్రమే ఉన్నవాడు గులాబి పెంచదలిస్తే తీగగులాబినే ఎన్నుకోవలె. పొదగులాబి నేలను ఆక్రమిస్తుంది. తీగ మూరెడు నేల తీసుకొని గోడనంతటినీ పూలతో కప్పుతుంది. ఇది పెరటి సేద్యం చేసేవారందరూ ఎరిగిన సంగతే. అయితే ఆ తీగ ఎర్రనిదై, ఎరుపుకు తగిన పరిమళం కూడ కలదై ఉండవలెనంటేనే చిక్కు వస్తుంది. ఆ చిక్కు వెనుక చాలా చరిత్ర ఉన్నది. దానిని వెదకుతూ వెనుకకు నడిస్తే పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఒక క్రైస్తవ మతాచార్యుడు ఎదురవుతాడు. ఆయన పేరు శామ్యూల్ రెనాల్డ్స్ హోల్. తరువాతి కాలంలో రాచెస్టర్ నగరపు ప్రధాన దేవాలయానికి డీన్, అనగా అధిపతి, అయినందున లోకం ఆయనను డీన్ హోల్ అన్న పేరుతోనే ఎరుగును.

ఆయన 1819లో జన్మించినాడు. నాటింగ్‌హాం మండలంలోని కాంటన్ గ్రామంలో వారి కుటుంబానికి భూములు, పెద్ద భవనం ఉండేవి. ఆక్స్‌ఫర్డులోని బ్రేజ్‌నోజ్ కళాశాలలో చదివి, 1844లో దీక్ష తీసుకొని, స్వగ్రామపు చర్చిలోనే సహాయకుడుగా చేరి, 1850లో అక్కడి వికారు అయినాడు. ఆజానుబాహువు. గుర్రపు స్వారీ, వేట, హాస్యగోష్ఠి ఆయనకు ప్రీతి. నవలాకారుడు థాకరే, వ్యంగ్య చిత్రకారుడు జాన్ లీచ్ ఆయనకు మిత్రులు. లీచ్‌తో కలిసి ఐర్లండు తిరిగి వచ్చి, ఆయన బొమ్మలతోనే 1859లో ఒక యాత్రాగ్రంథం ప్రకటించినాడు.

గులాబి ఆయన జీవితంలోకి యాదృచ్ఛికంగా వచ్చినది. ఒకనాటి వేసవి సాయంకాలం చుట్ట కాలుస్తూ తోటలో తిరుగుతుండగా ఒక మొక్క ముందు కాళ్లు నిలిచిపోయినవట. అది దాగెసో అనే ఫ్రెంచి గులాబి. గాలికా జాతికి చెందినది, ముదురు ఎరుపుది, సువాసన కలది. అంతవరకు ఆ పూలను చూడకుండానే పక్కగా నడిచిపోయిన మనిషి ఆనాటితో మారిపోయినాడు. మొదట పన్నెండు మొక్కలు, తరువాత వంద, ఆ తరువాత వేయి, చివరకు అయిదువేలు. కూరగాయల మడులు ఒకటొకటిగా గులాబిమడులైనవి. ఆ ఆక్రమణను ఆయన ఒక దండయాత్రవలె వర్ణించి తనను తానే పరిహసించుకున్నాడు. ఆయన రచనలో ఈ పరిహాసం కొన్నిచోట్ల శ్రుతి మించుతుందనీ, శ్లేషకోసం శ్లేష వేస్తాడనీ చెప్పక తప్పదు. కాని ఆ నవ్వు వెనుక మొక్క మీది శ్రద్ధ ఏనాడూ సడలలేదు.

అప్పటికి ఇంగ్లండులో అన్ని పూలతోపాటు గులాబిని కూడ ప్రదర్శించేవారేగాని, గులాబికే ప్రత్యేకమైన జాతీయ ప్రదర్శన లేదు. హోల్ ఆ లోటును పత్రికాముఖంగా ఎత్తిచూపి, థామస్ రివర్స్, చార్లెస్ టర్నర్, విలియం పాల్ అనే ముగ్గురు ప్రసిద్ధ నర్సరీదారులను కూడగట్టినాడు. 1858 జులై 1న లండనులోని సెయింట్ జేమ్స్ హాలులో మొదటి జాతీయ గులాబి ప్రదర్శన జరిగినది. రెండువేలకు పైగా జనం వచ్చినారు. మూడవ ఏట దానిని విశాలమైన క్రిస్టల్ పాలెస్‌కు మార్చవలసి వచ్చినది. 1876లో జాతీయ గులాబి సంఘం ఏర్పడినప్పుడు హోల్‌నే అధ్యక్షునిగా ఎన్నుకొన్నారు. మరణపర్యంతం ఆ స్థానం ఆయనదే.

ఇంతవరకు ఇది ఒక సంపన్నుని వినోదమే అనిపించవచ్చు. నా దృష్టిలో ఆయన జీవితానికి మలుపు సెయింట్ జేమ్స్ హాలులో లేదు. నాటింగ్‌హాం పట్టణంలోని ఒక సత్రంలో ఉన్నది.

ఒక వసంతంలో ఆయనకు ఆ పట్టణపు కార్మికుని వద్దనుండి ఉత్తరం వచ్చినది. ఈస్టరు సోమవారంనాడు కార్మికులు గులాబి ప్రదర్శన జరుపుతున్నారనీ, న్యాయనిర్ణేతగా రావలెననీ దాని సారాంశం. ఆయన తోటలో అప్పటికి ఒక్క పూవైనా లేదు. ఏప్రిలు నెలలో ఇంగ్లండులో గులాబి ఎక్కడిది? ఎవరో తనను ఏప్రిల్ ఫూలు చేస్తున్నారని ఉత్తరం పక్కన పడవేసినాడు. తరువాత సందేహం తీరక మరల వ్రాసి విచారిస్తే అంతా నిజమేనని తేలినది. మంచు పడుతున్న చలిరోజున అక్కడికి వెళ్లినాడు. ఆ సత్రపు మేడగదిలో, సీసాలలో పెట్టిన గులాబులు ఆయనకోసం ఎదురుచూస్తున్నవి. తాను అయిదువేల మొక్కలతో చేయలేనిది, యంత్రశాలలలో పగలంతా పనిచేసేవారు చేసి చూపినారు.

పరీక్ష ముగిసిన తరువాత వారి తోటలను చూడబోయినాడు. పట్టణం అంచున కొండవాలు మీద చిన్న చిన్న ముక్కలుగా చేసి కౌలుకు ఇచ్చిన నేల అది. ఒక్కొక్క ముక్కలో మనిషి నిలబడితే తల తగిలేటంత చిన్న అద్దాలగది. అంత ఖరీదైన కొత్త రకాలను ఎట్లా కొనగలుగుతున్నారని అడిగితే, సారాదుకాణానికి వెళ్లకపోవడం చేతనని ఒకడు జవాబిచ్చినాడట. మరొక సంగతి కూడ హోల్ వినిపించినాడు. జబ్బుపడిన ఒక కార్మికుని భార్యను పరామర్శించడానికి వెళ్లిన దొరసాని ఆమె మంచంమీద దుప్పటి లేకపోవడం చూసి నొచ్చుకొన్నది. తమకు దుప్పట్లు చాలినన్ని ఉన్నవనీ, మంచుదెబ్బ తగలకుండా గులాబులకు కప్పడంకోసం తోటకు పోయినవనీ ఆ ఇల్లాలు చెప్పినది.

హోల్ ఈ కథను మురిపెంగా చెప్పినాడు. మనం చదివేటప్పుడు అంత మురిసిపోలేము. దుప్పటి మొక్క మీద ఉన్నది, చలి ఇల్లాలి మీద ఉన్నది. బహుమతి మాత్రం భర్తకు వచ్చినది. అయినా ఆమె మాటలో నిష్ఠురం లేదు, కొంత గర్వం కూడ ఉన్నట్లు తోచును.

1869లో వెలువడిన ఆయన గులాబి గ్రంథంలో ఈ కార్మికుల కథ ముందుభాగంలోనే వస్తుంది. అది అనేక ముద్రణలు పొందినది. అందులోని ముఖ్యోపదేశం సులభమైనది. చెట్ల నీడలో, వాటి వేళ్ల నడుమ మొక్క పాతి గులాబి తన నేలలో రాదని వాపోయేవాడు నేలను నిందించనక్కరలేదు. వెలుతురు, పెనుగాలినుండి మరుగు, నీరు నిలువని లోతైన నేల, పశువుల ఎరువు, యజమాని కన్ను కావలె. సంపద వీటిలో లేదు. ప్రదర్శనకు తగిన గులాబులు వేరు, తోటకు తగిన గులాబులు వేరు అని కూడ ఆయన విడదీసి చూపినాడు. జీవితాంతం ఒక్క గులాబియే పెట్టుకొమ్మని శిక్ష పడితే తానేది కోరుకొంటాడో కూడ చెప్పినాడు. అది ప్రదర్శనపు పువ్వు కాదు. 1853లో పుట్టిన గ్లోయిర్ ద దిజాన్ అనే తీగగులాబి, గోడమీదికి పాకేది, పరిమళం కలది. అయితే దాని రంగు లేత పసుపు.

ఎరుపు తీగకోసం ఎదురుచూపు అక్కడినుండే మొదలైనదనవచ్చు. 1878లో లియాన్ నగరపు లెవే ఆ తీగ వంశంలోని ఆడుమొక్కకు జనరల్ జాక్‌మినో అనే ఎర్రని పరిమళగులాబి పుప్పొడి కలిపి రీన్ మారీ హెన్రియెట్ అనే తీగను తీసినాడు. ఎరుపు వచ్చినది కాని అది చెర్రీపండు ఎరుపు, గాఢమైనది కాదు. 1893లో టర్నర్ నర్సరీవారే జపానునుండి వచ్చిన క్రిమ్సన్ రాంబ్లర్‌ను విడుదల చేసినారు. దాని గుత్తుల ఎరుపు చూసి ఇంగ్లండు వెర్రెత్తిపోయినది. ఇంటింటి గోడమీద అది పాకినది. దగ్గరకు పోయి మూర్కొంటే ఏమీ లేదు. గోడమీద గాలి ఆడక బూడిదతెగులు కూడ పట్టేది.

ఇందులో హోల్ బాధ్యత కొంత ఉన్నదని నా అభిప్రాయం. ప్రదర్శనలలో పూవును తుంచి, పెట్టెలో పచ్చని నాచు మీద తల మాత్రం కనిపించేటట్లు అమర్చేవారు. ఆకారం, పరిమాణం, రంగు కంటికి తెలుస్తవి. తీగ ఎంత పాకునో ఆ పెట్టె చెప్పలేదు, వాసనకు అక్కడ పలుకుబడి తక్కువ. పెంపకందార్లు బహుమతికి తగినట్లే మొక్కలను సృష్టించినారు. దాగెసో పరిమళానికి కాళ్లు నిలిచిపోయినవాడే ఆ పోటీలకు జనకుడు కావడం చిత్రమే. మా పెరటిలో నేనొకసారి ఎర్రదనీ, వాసనదనీ విన్న తీగను పెట్టి రెండేండ్లు నీరు పోసినాను. పూచిననాడు అది ఎర్రదని మాత్రమే రుజువైనది.

1887లో ఆయన కాంటన్ విడిచి రాచెస్టర్ డీన్‌గా వెళ్లినాడు. అరవై ఎనిమిదేండ్ల వయస్సు సమీపించిన వేళ అయిదువేల మొక్కలను వదలి, నగరం నడుమ ఉన్న తోటలో మరల మొదలుపెట్టడం సామాన్యం కాదు. 1894లో దేవాలయ జీర్ణోద్ధరణకు ధనంకోసం అమెరికా వెళ్లి ఉపన్యాసాలిచ్చినాడు. 1904 ఆగస్టు 27న మరణించినాడు. కాంటన్‌లోనే సమాధి. ఆ యేడే ఐర్లండులో డిక్సన్ సంస్థ ఆయన పేరు పెట్టిన గులాబిని విడుదల చేసినది. అది గులాబిరంగు పొద, ఎరుపు కాదు, తీగ కాదు.

ఆయన చూడని మొక్క తరువాత వచ్చినది. 1919లో హాలండులో వెర్షూరెన్ ఎట్వాల్ ద హాలండ్ అనే ముదురెరుపు పరిమళగులాబిని తీసినాడు. అది మొదట పొదయే. పొద ఒక్కొక్కప్పుడు తనంతట తానే పొడవాటి రెమ్మ వేస్తుంది. దాని కన్ను తీసి అంటుకడితే తీగ అవుతుంది. 1931లో అట్లా దాని తీగరూపం వచ్చినది. 1938లో ఫ్రాన్సులో మాలెరాన్ నల్లనెరుపు గినేను తీసినాడు, దానికీ పరిమళం మెండు. ఇట్టి తీగను గోడకు అడుగున్నర దూరంలో పాతవలె, గోడ మొదట నేల ఎండి ఉంటుంది గనుక. మొదటి ఏండ్లలో కత్తెర ఎక్కువ వేయరాదు, వేస్తే పొదగా తిరిగిపోవచ్చు. రెమ్మలను నిలువుగా వదలక అడ్డంగా వంచి కట్టవలె. నిలువు రెమ్మ కొననే పూస్తుంది, వంగిన రెమ్మ ప్రతి కన్నునా పూస్తుంది.

హోల్ అధ్యక్షత వహించిన గులాబి సంఘం 2017లో మూతపడినది. నాటింగ్‌హాం కొండవాలు మీది కార్మికుల తోటలు మాత్రం సుమారు 75 ఎకరాలలో, చరిత్రాత్మక స్థలంగా రక్షణ పొంది, నేటికీ చిన్న చిన్న ముక్కలుగా కౌలుకు పోతూనే ఉన్నవి.