మిగిలిన నూనెకుండ

1870లలో దక్షిణ భారతాన్ని కరువు పీడించిన రోజులవి. పుణ్యక్షేత్రాలు తిరుగుతూ పురాణాలు వినిపించి బతికే ఒక పండితుని కుటుంబం పస్తులతో అల్లాడిపోయింది. తండ్రి, తల్లి, అక్క ఒకరి వెంట ఒకరు కన్నుమూశారు. మిగిలింది రమాబాయి, ఆమె అన్న శ్రీనివాస్. ఆమెకప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. ఆడవాళ్లకు చదువెందుకని లోకం నిలదీసినా, తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే తన ఇంట్లోని స్త్రీలకు సంస్కృతం నేర్పించాడు. ఆమెకు మిగిలిన ఆస్తి అదొక్కటే!

అన్నాచెల్లెళ్లు కాలినడకన దేశం తిరిగి 1878లో కలకత్తా చేరారు. ఆమె పాండిత్యానికి ఆశ్చర్యపడిన పెద్దలు ‘పండిత’, ‘సరస్వతి’ అనే బిరుదులిచ్చారు. కానీ 1880లో అన్న చనిపోయాడు. అదే ఏడాది ఆమె కులాంతర వివాహం చేసుకుంది. రెండేళ్లు తిరక్కుండానే కలరా భర్తను పొట్టన పెట్టుకుంది. ఒడిలో ఏడాదైనా నిండని మనోరమ!

వితంతువంటే ఇంటిమూలకు పరిమితం కావాలన్న కాలమది. రమాబాయి మాత్రం 1882లో ప్రభుత్వ విద్యా కమిషన్ ముందు నిలబడి స్త్రీలకు ఉపాధ్యాయినులు, లేడీ డాక్టర్లు కావాలని అడిగింది. తానే డాక్టరవ్వాలని 1883లో ఇంగ్లాండ్ వెళ్తే వినికిడి లోపం ఆ తలుపు మూసేసింది. అక్కడే ఆమె క్రీస్తును అంగీకరించి బాప్తిస్మం పొందింది. తిరిగివచ్చి 1889లో ముంబైలో వితంతువుల కోసం శారదా సదన్ ప్రారంభించింది.

1896లో మధ్య భారతాన్ని కరువు కమ్ముకుంది. ఆకలి ముఖం ఎలా ఉంటుందో రమాబాయికి తెలుసు. తానే అక్కడికి వెళ్లి వందలాది బాలికలను, వితంతువులను పుణె దగ్గరి కేడ్గావ్‌కు తెచ్చింది. అదే ముక్తి మిషన్. అక్కడ వారికి అన్నంతోపాటు చదువు, నేత, సేద్యం, అచ్చుపని నేర్పింది. దయ మీద బతకడం కాదు, తమ కాళ్ల మీద తాము నిలబడాలన్నది ఆమె పట్టుదల. హెబ్రీ, గ్రీకు నేర్చుకుని బైబిల్‌ను మరాఠీలోకి అనువదించింది. 1921లో కూతురు మనోరమను కూడా పోగొట్టుకుంది. అయినా ఆ పని వదల్లేదు. 1922 ఏప్రిల్ 5న ప్రభువు సన్నిధికి చేరింది.

అప్పులవాడు కొడుకులను లాక్కుపోతాడని ఏడ్చిన విధవరాలిని ఎలీషా ప్రవక్త అడిగింది ఆమె ఇంట్లో ఏముందని (2 రాజులు 4). ఉన్నది ఒక్క నూనెకుండ. పాత్రలు అడిగి తెచ్చుకోవడం, నూనె పోయడం, అమ్మి అప్పు తీర్చడం ఆమె వంతు. నూనెను విస్తరింపజేయడం దేవుని వంతు. పోయినవారిని దేవుడు రమాబాయికి తిరిగి ఇవ్వలేదు. కానీ మిగిలినదాన్ని ఆమె ఆయన చేతిలో పెట్టినప్పుడు వేలమందికి సరిపోయింది. పోగొట్టుకున్న వాటికోసం ఏడవడం అవిశ్వాసం కాదు. అయితే కన్నీళ్లు తుడుచుకుని ఒకసారి ఇంట్లోకి చూద్దాం. మన నూనెకుండ ఏ మూలనో ఉండే ఉంటుంది!